పెంపుడు కుటుంబ సంరక్షణ: జహీరాబాద్ ప్రాంతం

కన్నవారు లేని, ఉన్నా వారు సాకలేని పిల్లలను ప్రభుత్వ పర్యవేక్షణలో మరో కుటుంబం పెంచే ఏర్పాటును పెంపుడు సంరక్షణ, వాడుకలో ఫాస్టర్ కేర్, అంటారు. దత్తతలో మారినట్టు ఇక్కడ వారసత్వం మారదు. కన్నవారు వచ్చి బిడ్డను చూసిపోవచ్చు.

జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలో, హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. నిజాం సర్కారుకు అనాథల సంరక్షణ అంటే ఆశ్రమమే. సరూర్‌నగర్‌లోని విక్టోరియా మెమోరియల్ హోమ్ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలంలో అలా వచ్చిందే. పల్లెల్లో మాత్రం తల్లి పోతే అమ్మమ్మో, మేనత్తో, పెద్దమ్మో సాకేది. ఆమెకు చేయూత ఎవరివ్వాలన్నది ఏ సర్కారుకూ పట్టలేదు.

ఈ లోటును కొంతైనా పూడ్చింది ఊళ్లే. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కూలికి పోయే తల్లుల పిల్లల కోసం బాల్వాడీలు నడిపాయి. అక్కడ పిల్లలకు పెట్టింది ఈ నేలలో పండే చిరుధాన్యాల తిండే. ఇది చట్టం చెప్పే పెంపుడు సంరక్షణ కాదు. అయినా పేదరికంతో కుటుంబం చెదిరిపోకుండా ఆపడానికి ఇంతకన్నా సూటి పని ఈ ప్రాంతంలో అరుదు. చెరకు కొట్టే పనికి వలసపోయే నారాయణఖేడ్ తండాల్లో పిల్లలు నెలల తరబడి ముసలివాళ్ల దగ్గరో, సీజనల్ హాస్టళ్లలోనో ఉండిపోవడం చూస్తే ఆ బాల్వాడీల విలువ తెలుస్తుంది.

2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం పెంపుడు సంరక్షణను ప్రస్తావించింది. 2015 చట్టం 44వ సెక్షన్ దాన్ని విడమరిచింది: తోబుట్టువులను వీలైనంత వరకు విడదీయకూడదు, బాలల సంక్షేమ సమితి నెలనెలా తనిఖీ చేయాలి.

మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద ఇప్పుడు పెంపుడు సంరక్షణలోని బిడ్డకు నెలకు రూ. 4,000 ఇస్తారు. బంధువుల ఇంట పెరిగే అనాథలకు ఇది స్పాన్సర్‌షిప్ అనే ఆర్థిక సాయంగా అందుతుంది. అందుకు గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం రూ. 72,000 మించకూడదు. చిక్కంతా కాగితాల దగ్గరే. చదువురాని అమ్మమ్మ మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీసుకోవాలి, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు జత చేయాలి, బ్యాంకు ఖాతా తెరిపించాలి, సంగారెడ్డిలోని జిల్లా కార్యాలయానికి వెళ్లాలి. ఆమె వెంట వెళ్లే అంగన్‌వాడీ టీచరో, సంఘం మహిళో, పక్కింటి కుర్రాడో లేకపోతే ఆ డబ్బు రాదు. తమ పిల్లలతో పాటు ఆ బిడ్డనూ బడి దగ్గర దింపే పొరుగువారు, ఫీజు తీసుకోకుండా చదువు చెప్పే ట్యూషన్ మాస్టారు చేసేదీ చిన్న సాయం కాదు.

దిక్కులేని బిడ్డ కనబడితే 24 గంటల్లో చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పడం చట్టరీత్యా తప్పనిసరి. సాయం చేశామని బిడ్డ ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 చట్టం 74వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది.

2024లో కేంద్రం మార్గదర్శకాలను సవరించి, 35 నుంచి 60 ఏళ్ల ఒంటరి వ్యక్తులకూ పిల్లలను పెంచే అవకాశమిచ్చింది. దత్తతకు అర్హత ఉన్న బిడ్డనైతే, రెండేళ్లు పెంచిన కుటుంబమే దత్తత కోరవచ్చు. గతంలో ఈ గడువు ఐదేళ్లు.