కాటూరు నుంచి మస్తూరీకి: మాట వినే యంత్రం నడిచిన దారి

మాటను అర్థం చేసుకునే యంత్రం ఎలా ఉండాలో తేల్చడానికి 1971లో అమెరికాలో ఒక బృందం కూర్చుంది. డబ్బు పెట్టేది ఆ దేశ రక్షణ శాఖకు చెందిన పరిశోధన సంస్థ ఆర్పా. బృందానికి పెద్ద అలెన్ న్యూవెల్. సభ్యుల్లో ఒకరు మన చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి. వాళ్లు రాసిపెట్టిన లక్ష్యాన్ని ఇవాళ తీసి చదివితే అది యంత్రానికి పెట్టిన పరీక్షలా ఉండదు, మనిషికి పెట్టిన షరతుల పట్టీలా ఉంటుంది. మాట్లాడేవాడు యంత్రంతో సహకరించేవాడై ఉండాలి. సాధారణ అమెరికన్ యాసలో మాట్లాడాలి. గదిలో చప్పుడు ఉండకూడదు. మైకు మేలురకానిదై ఉండాలి. వాడే మాటలు వెయ్యి, అవీ ముందే ఏర్చి పెట్టినవి. వాక్యాలు కూడా ముందే గీసిన చట్రంలోనే నడవాలి. ఇన్నిటికీ ఒప్పుకుని నోరు తెరిస్తే, యంత్రం పది శాతానికి మించి అర్థం తప్పకూడదు. గడువు ఐదేళ్లు, ఖర్చు దాదాపు కోటీ యాభై లక్షల డాలర్లు.

ఆ షరతుల్లో ఒక్కటీ మస్తూరీలో చెల్లదు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు చేరువలో ఉన్న తహసీలు కేంద్రం ఇది. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లకు మల్హార్ శిథిలాల వల్ల ఈ ప్రాంతం పేరు తెలుసు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే బిలాస్‌పూర్‌కూ తెలుగు కుటుంబాలు ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోనుకు బిలాస్‌పూరే కేంద్రమైంది. ఆ స్టేషన్లో ఛత్తీస్‌గఢీ, హిందీ, తెలుగు, ఒడియా, బెంగాలీ అన్నీ ఒకే ప్లాట్‌ఫారం మీద వినిపిస్తాయి. నిశ్శబ్దమైన గది ఎక్కడ, ఒకే యాస ఎక్కడ? మాట యంత్రాల చరిత్రను యంత్రం ఎంత నేర్చిందన్న లెక్కతో చెప్పడం మనకు అలవాటైపోయింది. ఈ చుట్టుపక్కల జరిగినది చూస్తే ఆ లెక్క కుదరదు. మధ్య భారతంలో మామూలు జనానికి కంప్యూటర్ అందిన తొలి సందర్భాల్లో అది ఎవరి మాటనూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టే పని మనుషులకు వదిలేసి, మాటను మోసే పని మాత్రం తను చేసింది.

ముందు రాజ్ రెడ్డికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. మద్రాసు గిండీలో సివిల్ ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో పైచదువు, ఐబీఎంలో కొలువు, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర 1966లో డాక్టరేట్. 1969లో పిట్స్‌బర్గ్ కార్నెగీ మెలన్‌కు చేరారు. ఆర్పా గడువు ముగిసే 1976 నాటికి లక్ష్యాన్ని సాధించినది ఆయన శిష్యుడు బ్రూస్ లవరీ చేసిన హార్పీ. దానికి 1011 మాటలు తెలుసు. పలకదగిన వాక్యాలన్నిటినీ ఒక పెద్ద వలలా అల్లి, విన్న చప్పుడుకు దగ్గరగా వచ్చే దారులను మాత్రమే ఉంచి మిగతావి వదిలేస్తూ పోవడం దాని పద్ధతి. దాని తోబుట్టువు హియర్‌సే-2 ఇంకో దారి పట్టింది. ధ్వని తెలిసిన భాగం, మాటలు తెలిసిన భాగం, వ్యాకరణం తెలిసిన భాగం ఎవరికి తోచిన ఊహను వాళ్లు ఒకే నల్లబల్ల మీద రాస్తే, మిగతావాళ్లు చూసి దిద్దుతారు. కృత్రిమ మేధలో ఈ నల్లబల్ల పద్ధతి తర్వాత ఎన్నో పనులకు ఎక్కింది. ఇంతకీ ఈ రెండిటినీ ఏం అడిగి పరీక్షించారనుకున్నారు? కృత్రిమ మేధ మీద వచ్చిన పరిశోధన పత్రాలను వెతికిపెట్టమని! యంత్రాన్ని చేసినవాళ్ల అవసరమే యంత్రానికి తెలిసిన లోకం. అది అప్పటికి తప్పేమీ కాదు, మొదటి మెట్టు అలాగే ఉంటుంది. 1988లో అక్కడే కై-ఫూ లీ చేసిన స్ఫింక్స్ ఎవరు మాట్లాడినా, ఆగకుండా మాట్లాడినా వినగలిగింది. 1994లో ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్‌తో కలిసి రాజ్ రెడ్డికి ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

చదువురాని మనిషి సంగతి ఆయనకు పట్టలేదనుకుంటే పొరపాటు. ఎనభైల మొదట్లో పారిస్‌లో పెట్టిన ప్రపంచ కంప్యూటర్ కేంద్రంలో ఆయన ముఖ్య శాస్త్రవేత్త. వెనకబడిన దేశాలకు కంప్యూటర్‌ను చేర్చడమే ఆ కేంద్రం ఉద్దేశం. 2004లో పీసీటీవీటీ అనే పెట్టెను ముందుకు తెచ్చారు. టీవీ, టెలిఫోను, వీడియో, కంప్యూటర్ అన్నీ అందులోనే, నడపడానికి రిమోటు చాలు. నిరక్షరాస్యుడే దాని మొదటి వాడకందారు. ఊళ్లలో మాత్రం అది నిలబడలేదు. ఆ లోగా పల్లెకు ఇంకో పరికరం తనంతట తానే వచ్చి చేరింది. అంకెల మీటలున్న చవక సెల్‌ఫోను.

ఆ ఫోను చుట్టూ 2008, 2009ల్లో జరిగిన పరిశోధనలే ఈ వాదనకు అసలు ఆధారం. ఢిల్లీలోని ఐబీఎం పరిశోధకులు మన ఆంధ్రప్రదేశ్ పల్లెలోనే వాయ్‌కియోస్క్ పెట్టారు. ఊరివాళ్లు సమాచారాన్ని తమ గొంతుతో తామే ఫోనులో రికార్డు చేయవచ్చు, అవసరమైనవాళ్లు ఫోను చేసి వినవచ్చు. వ్యవసాయ సలహాలు, వైద్యం కబుర్లు, చేతిపని చేసేవాళ్ల ప్రకటనలు అందులో నడిచాయి. టైపు చేయడం అన్నమాటే లేదు. గుజరాత్‌లో నీల్ పటేల్ బృందం రైతుల కోసం ఆవాజ్ ఓటలో అనే ఫోను సేవను పెట్టి, ఒక సూటి ప్రశ్న వేసుకుంది. రైతు నోటితో ఆజ్ఞ ఇవ్వడం సులువా, మీట నొక్కడం సులువా? 2009లో వాళ్లు ప్రకటించిన ఫలితం ప్రకారం మీట నొక్కినవాళ్లే పని ఎక్కువగా పూర్తి చేయగలిగారు. చదువురానివాడికి నోరే సహజం కదా అని ఏళ్ల తరబడి అనుకున్నవాళ్లకు ఇది గట్టి దెబ్బే.

అయితే ఇక్కడ ఒక ఎదురు సాక్ష్యం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అదే 2009లో కార్నెగీ మెలన్‌కు చెందిన జహాన్‌జేబ్ షేర్వానీ, రోనీ రోజెన్‌ఫెల్డ్ బృందం పాకిస్తాన్‌లో ఆరోగ్య కార్యకర్తల మీద ఇలాంటి పరీక్షే చేసింది. అక్కడ మాటే గెలిచింది. చదువు తక్కువ ఉన్నవాళ్లు కూడా నోటితో అడిగినప్పుడే మేలుగా నెగ్గుకొచ్చారు. రెండూ నిజాయితీగా చేసిన పరీక్షలే. మరి ఏది నమ్మాలి? ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తే సమాధానం దొరుకుతుంది. రోజెన్‌ఫెల్డ్ స్వయానా రాజ్ రెడ్డి శిష్యుడు, మాటను గుర్తుపట్టే శాస్త్రంలో దిట్ట. ఆయనా, ఆఘా అలీ రజా కలిసి 2012లో లాహోర్‌లో పాలీ అనే ఫోను సేవను వదిలినప్పుడు దాన్ని నడపడానికి మీటలే పెట్టారు. మీరు ఏదో ఒక మాట రికార్డు చేస్తే, పాలీ దాన్ని కీచుగొంతుగానో, ఆడగొంతుగానో మార్చి వినిపించేది, స్నేహితుడికి పంపమనేది. అంతే, వట్టి వేళాకోళం! ఐదుగురితో మొదలై ఏడాదిలో 1,65,000 మందికి పాకింది. ఆ నవ్వులాట మధ్యలో ఉద్యోగ ప్రకటనలను చదివి వినిపించారు. ప్రయోగశాలలో పది నిమిషాలు ఏది మేలన్నది ఒక ప్రశ్న, ఎవరూ నేర్పకుండా, రోడ్డు పక్కన చప్పుడులో, నెలల తరబడి జనం దేన్ని వాడుతూ ఉంటారన్నది వేరే ప్రశ్న. రెండో ప్రశ్నకు మాట గెలిచిందన్న బృందం వాళ్లే ఇచ్చిన జవాబు మీట.

ఇక ఛత్తీస్‌గఢ్. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధరి, బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లోని బిల్ థీస్ సాయంతో 2010లో సీజీనెట్ స్వరను మొదలుపెట్టారు. బయటి నుంచి చూస్తే చాలా మామూలు ఏర్పాటు. ఒక నంబరుకు ఫోను చేయాలి. తర్వాతి రోజుల్లో మిస్డ్ కాల్ ఇస్తే చాలు, కంప్యూటరే తిరిగి ఫోను చేసేది. ఒకటి నొక్కితే మీరు చెప్పేది రికార్డవుతుంది, రెండు నొక్కితే ఇతరులు చెప్పింది వినిపిస్తుంది. ఉపాధి హామీ కూలి నెలలుగా రాలేదని ఒకరు, చేతిపంపు పాడైందని ఒకరు, బడికి మాస్టారు రావడం లేదని ఇంకొకరు. నడుమ పాటలు కూడా. రికార్డయినదాన్ని మొదట మనిషి వింటాడు. అవసరమైతే చెప్పినవాళ్లకు ఫోను చేసి ఆరా తీస్తాడు, సరిచూశాకే అందరికీ వినిపిస్తాడు. ఇందులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన అంశం ఏ ఇంజినీరూ రూపొందించింది కాదు. సమస్య చెప్పేవాళ్లు చివర్లో సంబంధిత అధికారి ఫోను నంబరు చదివి, వినేవాళ్లంతా ఆయనకు ఫోను చేయండని అడుగుతారు. ఎక్కడెక్కడి వాళ్లో చేస్తారు. పది ఊళ్ల నుంచి ఫోన్లు వస్తే ఏ ఆఫీసులోనైనా ఫైలు కదులుతుంది. పని జరిగాక చెప్పినవాళ్లే మళ్లీ స్వరకు ఫోను చేసి, ఫోన్లు చేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పే ఆనవాయితీ కూడా అలాగే ఏర్పడింది. ప్రీతీ ముద్లియార్, జొనాథన్ డోనర్, బిల్ థీస్ 2012లో రాసిన పత్రం ఇలా జనంలోంచి పుట్టిన పద్ధతుల గురించే. నెట్ ఉన్న చోట దించుకున్న రికార్డింగులు ఫోను నుంచి ఫోనుకు బ్లూటూత్‌తో ఊళ్లోకి వెళ్లేవి. దానికి పెట్టిన పేరు బుల్టూ రేడియో, పల్లె నోట బ్లూటూత్ పలికిన తీరే అది.

దీని మీద బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. ఇదంతా యంత్రానికి చెవులు సరిగా లేని రోజుల్లో పడ్డ తిప్పలు, ఇప్పుడు చెవులు వచ్చాయి కదా అంటారు. 2022 జూలైలో కేంద్రం భాషిణి మొదలుపెట్టింది. ఇరవై రెండు షెడ్యూల్డు భాషల్లో మాట గుర్తింపు, అనువాదం దాని లక్ష్యం. తెలుగులో ఇవాళ ఫోనుతో మాట్లాడితే అది రాసుకుంటోంది. నిజమే, కాదనలేం. కానీ 1971 నాటి షరతుల పట్టీలో గది, మైకు, వెయ్యి మాటల షరతులు ఎగిరిపోయినా, యాస షరతు మాత్రం చిరునామా మార్చుకుని బతికే ఉంది. మస్తూరీ చుట్టుపక్కల ఇళ్లలో మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. 2011 జనగణనలో దాన్ని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు కోటీ 62 లక్షల మంది. జనగణన వాళ్లందరినీ హిందీ కింద కలిపి లెక్కేసింది. రాష్ట్రం 2007లో దానికి అధికార హోదా ఇచ్చింది, ఎనిమిదో షెడ్యూలులో మాత్రం చోటు లేదు. అంటే లెక్కల ప్రకారం మస్తూరీ రైతుకు ‘హిందీ’ యంత్రం ఉన్నట్టే, ఇంట్లో మాట్లాడే మాటకు మాత్రం యంత్రం లేనట్టే. గోండీ పరిస్థితి ఇంకా కష్టం. అదే జనగణనలో 29 లక్షల మందికి పైగా మాట్లాడే భాష, మన ఆదిలాబాద్ దాకా అరడజను రాష్ట్రాల్లో చెల్లాచెదురైంది. అచ్చులో దానికి ఉన్నది బహు కొద్ది. మైక్రోసాఫ్ట్, నయా రాయ్‌పూర్ ఐఐఐటీ కలిసి గోండీ అనువాద యంత్రానికి పూనుకున్నప్పుడు మాటలను, వాక్యాలను సమకూర్చినవాళ్లలో సీజీనెట్ స్వర వాళ్లే ముందున్నారు. చెవి లేని యంత్రం చుట్టూ పోగైన మనుషులే చెవి ఉన్న యంత్రానికి తిండి పెట్టారన్నమాట. ఐఐఎస్సీ, గూగుల్ కలిసి నడుపుతున్న వాణి ప్రాజెక్టు ఈ సంగతి గ్రహించినట్టుంది. భాషల జాబితాతో మొదలుపెట్టకుండా జిల్లాలవారీగా వెళ్లి, బొమ్మలు చూపించి, మీ ఇంటి మాటలో వర్ణించండని అడుగుతోంది. పద్ధతి సరైనది.

రెండో అభ్యంతరం ఖర్చు గురించి. ప్రతి రికార్డింగునూ ఒక మనిషి వినాలంటే ఎందరు కావాలి, జీతాలు ఎవరివ్వాలి? ఆ మనిషికీ పక్షపాతం ఉండదా? ఇందులో సగం ఒప్పుకోవాల్సిందే. విరాళాల మీద నడిచే సంస్థకు ఈ బరువు ఎప్పుడూ తప్పలేదు. అందుకే ఆదిత్య వశిష్ట, బిల్ థీస్ ప్రభృతులు 2015లో ప్రకటించిన సంగీత్ స్వరతో ఇంకో దారి చూశారు. అందులో ఎడిటరు లేడు, విన్నవాళ్లే మీట నొక్కి ఓటేసేవారు, ఓట్లను బట్టి యంత్రం వరస కట్టేది. కంటిచూపు లేనివాళ్లు దాన్ని అక్కున చేర్చుకున్నారు. అయితే గొంతు విప్పిన ఆడవాళ్లకు వేధింపులు ఎదురయ్యాయి. కాపలా మనిషిని తీసేస్తే ఖర్చు తగ్గుతుంది, ఆ తగ్గిన ఖర్చును ఎవరో ఒకరు ఇంకో రూపంలో కడతారు. ఇక్కడ కట్టింది ఆడవాళ్లు. కాబట్టి మధ్యలో మనిషి ఉండటాన్ని యంత్రం చేతగానితనం కింద జమకట్టడం నాకు నచ్చదు. ఆ మనిషికి జీతం పెట్టడం వ్యవస్థ ఖర్చులో భాగం, అంతే.

ప్రభుత్వాలు ఇప్పుడు పింఛను దగ్గర నుంచి పంట బీమా దాకా మాట్లాడే యంత్రాలను పెట్టడానికి ఉరకలేస్తున్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో కూడా ఆ గాలే వీస్తోంది. పెట్టడానికి అభ్యంతరం లేదు. రెండు పనులు మాత్రం ముందు చేయాలి. ఏ దశలోనైనా ఒక మీట నొక్కితే జీతమున్న మనిషి పలకాలి. ఆ యంత్రం ఎన్ని మాటలు తప్పు వింటోందో భాష పేరు మీద కాక జిల్లా పేరు మీద, ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడిగా లెక్క కట్టి ఏటా ప్రకటించాలి. తెలుగుకు సగటున ఇంత అని చెప్తే శ్రీకాకుళానికి ఎంతో, ఆదిలాబాద్‌కు ఎంతో తెలియదు. హిందీకి ఇంత అంటే మస్తూరీకి ఏమీ తెలియదు. మీ ఊళ్లో అలాంటి సేవ మొదలైతే, అధికారిని ముందు అడగాల్సింది ఈ లెక్కే.