అమీర్‌పేట నేర్పని విద్య

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం కన్నా ముందు బోర్డులు కనిపిస్తాయి. జావా, పైథాన్, శాప్, ఒరాకిల్, టెస్టింగ్. పొద్దున ఏడింటి బ్యాచ్, సాయంత్రం ఏడింటి బ్యాచ్, డెమో ఉచితం, మెటీరియల్ ఇస్తారు. ఎంత పెద్ద విద్యనైనా ముక్కలు చేసి, సిలబస్ కట్టి, నెలా రెండు నెలల్లో ముగించి చేతికో సర్టిఫికెట్ పెట్టడంలో ఈ వీధికి సాటి మన దేశంలో మరోటి లేదు. అలాంటి చోట వంట మాత్రం బోర్డుకెక్కలేదు. కేకులూ చాక్లెట్లూ నేర్పే క్లాసులు నగరంలో ఉన్నాయి, కాదనను. కానీ ఊరికి కొత్తగా వచ్చిన మనిషి ఓ పూట గడిపి, గోంగూర పచ్చడీ బగారా అన్నమూ చెయ్యడం నేర్చుకుని, తిని, పోయే ఏర్పాటు ఇక్కడ వ్యాపారంగా వేళ్ళూనలేదు. థాయిలాండ్‌లోని చియాంగ్‌మాయ్‌లో అది రోజువారీ పని. అక్కడికెళ్ళిన పర్యాటకుడు గుడి చూసినట్టే వంట క్లాసుకీ వెళ్తాడు. ఈ తేడా వంటల గొప్పదనంలోంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. వంట క్లాసు వంటలోంచి పుట్టదు. ఊరికి ఎవరొస్తున్నారు, ఎందుకొస్తున్నారు, ఊళ్ళోంచి ఎవరు వెళ్ళిపోతున్నారు అన్నదాంట్లోంచి పుడుతుంది.

ముందు థాయి సంగతి చూద్దాం. అక్కడి రాజప్రాసాదపు వంట ఒకప్పుడు గోడ దాటి వచ్చేది కాదు. ప్లియన్ భాసకరవంశ్ అనే ప్రభువంశపు ఇల్లాలు 1908 ప్రాంతంలో ‘మే క్రువా హువా పా’ అనే పాకశాస్త్ర గ్రంథం తెచ్చింది. థాయి భాషలో తొలి సమగ్ర వంటపుస్తకంగా దాన్నే చెబుతారు. 1930ల చివర్లో అధికారంలోకి వచ్చిన ఫిబున్ ప్రభుత్వం పాద్ థాయ్ అనే నూడిల్స్ వంటకాన్ని జాతీయత పేరుతో ప్రచారం చేసింది. ఆ తరవాత పర్యాటకం వచ్చిపడింది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికన్ సైనికులు సెలవులకి అక్కడికీ వచ్చేవారు. 1980ల మొదట్లో పర్యాటకం సంపాదించే విదేశీ మారకం బియ్యం ఎగుమతిని దాటేసింది. 1987ని ‘విజిట్ థాయిలాండ్’ సంవత్సరంగా ప్రకటించారు. బ్యాంకాక్‌లోని ఓరియంటల్ హోటల్ ఆ దశకంలోనే అతిథులకి వంట నేర్పడం మొదలుపెట్టింది. 1993లో సోంపోన్ నబ్నియన్ చియాంగ్‌మాయ్‌లో వంట పాఠశాల తెరిచాడు. ఆ ఊళ్ళో అదే మొదటిది. దాని వెనకే పదుల కొద్దీ వచ్చాయి. 2002లో ప్రభుత్వమే ‘గ్లోబల్ థాయ్’ అనే పథకం పెట్టి, విదేశాల్లో థాయి భోజనశాలల సంఖ్య పెంచే పనికి దిగింది. అంటే అక్కడ వంట క్లాసు ఎవరి వంటింట్లోనో దానంతటదే మొలవలేదు. తీరిక, డబ్బు ఉన్న అతిథి ముందొచ్చాడు, అతని సగం రోజుని ఎలా నింపాలన్న లెక్క తరవాత వచ్చింది, ప్రభుత్వం వెనక నిలబడింది.

ఆ సగం రోజులో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే తెలుగువాడికి నవ్వొస్తుంది. ముందు బజారుకి తీసుకెళ్ళి ఆకులూ దుంపలూ చూపిస్తారు. తరవాత ఏప్రన్ కట్టి రాతి రోలు ముందు నిలబెడతారు. నానబెట్టిన ఎండుమిరపని ఉప్పేసి నూరాలి, అందులో నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, కొత్తిమీర వేళ్ళు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, ఆఖర్న రొయ్యల ముద్ద. గట్టివి ముందు, మెత్తవి వెనక. మన రోటి పచ్చడి సూత్రమూ ఇదేగా! దుంపరాష్ట్రం మనకి దగ్గుకి వాడే మూలిక, వాళ్ళకి కూరలో దినుసు. కొత్తిమీర వేళ్ళు మనం కోసి పారేస్తాం, వాళ్ళకి అవి లేందే ముద్ద లేదు. చింతపండు, తాటిబెల్లం, కొబ్బరిపాలు, ఎండు రొయ్యలు మనకి కొత్తేం కావు. మిరపకాయ రెండు దేశాలకీ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ వ్యాపారం తోవనే వచ్చింది. రాకపోకలూ పాతవే. 17వ శతాబ్దంలో గోల్కొండ రేవు మచిలీపట్నం నుంచి సయాం (థాయిలాండ్ పాతపేరు) ఏలుబడిలో ఉన్న మెర్గూయి రేవుకి ఓడలు నడిచేవి. అక్కడివాళ్ళ అభిరుచికి తగ్గ నమూనాలతో కోరమాండల్ తీరంలో కలంకారీ బట్ట అద్ది పంపేవారు. బట్టల విషయంలో కొనేవాడి కోరికని బట్టి పనితనాన్ని మలచడం మూడొందల ఏళ్ళ కిందటే వచ్చినవాళ్ళకి, వంట విషయంలో ఆ ఆలోచన రాలేదు.

ఎందుకు రాలేదంటే మొదట వినిపించే జవాబు మడి. మన ఇళ్ళల్లో పరాయివాడు దేవుడి గదికన్నా ముందు ఆగిపోవాల్సిన గది వంటిల్లు. కులమూ ఆచారమూ ఆ గడప దగ్గర కాపలా కాసేవి. పెళ్ళిళ్ళకి వండే వంటవాళ్ళూ, దావత్‌లకి దేగులెక్కించే బావర్చీలూ కొలతలు కొడుక్కో మేనల్లుడికో చెప్పేవారు తప్ప ఫీజు తీసుకుని బయటివాడికి కాదు. ఇళ్ళల్లో ఆడపిల్ల తల్లి దగ్గర, ఆపైన అత్తగారి దగ్గర నేర్చుకునేది. చిటికెడు, గుప్పెడు, ‘చూసి వెయ్యి’ అన్నవే కొలతలు. ఆ చదువుకి ఫీజు లేదు, నేర్చుకున్నందుకు జీతమూ లేదు. ఈ జవాబులో నిజం ఉంది, కానీ సగమే. మూసిన వంటిళ్ళు తెరుచుకోవని ఎక్కడా లేదు, సయాం ప్రాసాదపు వంటే పుస్తకమై బయటికొచ్చింది. మనకీ మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ వచ్చింది. అది లెక్కలేనన్ని ముద్రణలు పొందడానికి కారణం ఉంది. ఉద్యోగాల వెంట మద్రాసుకీ హైదరాబాదుకీ ఢిల్లీకీ కాపురాలు మారి, పక్కన అత్తగారు లేని ఇల్లాళ్ళు ఒక తరం తయారయ్యారు. 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక ఆ కాపురాలు ఈ నగరంలో మరీ పెరిగాయి. ఇల్లు వదిలితేనే మనకి వంట చదువు అవసరం పడింది. ఇది గుర్తుపెట్టుకుంటే అమీర్‌పేట చరిత్ర సులువుగా అర్థమవుతుంది.

1990ల్లో ఇక్కడ కంప్యూటర్ కోర్సులు పుంజుకున్నాయి. 2000 సంవత్సరం ముంచుకొస్తుంటే పాత ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దడానికి కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాళ్ళకి అమెరికాలో గిరాకీ వచ్చింది, వీధి నిండిపోయింది. ఖమ్మం నుంచీ కర్నూలు నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చిన పిల్లలు అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో గదికి నలుగురేసి దిగారు. వీళ్ళూ ప్రయాణికులే. అయితే చియాంగ్‌మాయ్ ప్రయాణికుడి దగ్గర తీరికుంది, వీళ్ళ దగ్గర లేనిదల్లా అదే. అతనికి వంట వినోదం, వీళ్ళకి ఆకలి. అందుకే చియాంగ్‌మాయ్‌లో క్లాసు పుట్టిన కాలంలోనే ఇక్కడ కర్రీ పాయింట్ పుంజుకుంది. కుక్కర్లో అన్నం మాత్రం పెట్టుకుని, పప్పూ వేపుడూ సాంబారూ కొనుక్కుంటే చాలు. సన్నని పాలిథిన్ సంచిలో గరిటెడు సాంబారు పోసి, కాస్త గాలి పట్టించి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు బిగిస్తాడు కొట్టువాడు. బొద్దుగా ఉబ్బిన ఆ పొట్లం గదికి చేరేదాకా చుక్క కారదు. ఆ ముడిలో ఉన్న పనితనం తక్కువది కాదు, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు గానీ. ఆ సాంబారు కాచింది ఏ కులంవాడని అడిగిన కుర్రాడూ అరుదే. మడి ఈ వీధిలో అంత పలచబడింది, అయినా వంట క్లాసు పుట్టలేదు. మడి ఒక్కటే కారణమని నేను నమ్మకపోవడానికి ఇదే పెద్ద సాక్ష్యం.

దీనికి అడ్డం చెప్పేవాళ్ళున్నారు. విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ 1972 నుంచి ఉంది కదా, అమీర్‌పేటని ఆనుకునే ఉన్న బేగంపేటలో క్యులినరీ అకాడమీ ఆఫ్ ఇండియా 1996 నుంచి వంటనే డిగ్రీగా చెబుతోంది కదా అంటారు. నిజమే. కానీ అవి ఉద్యోగానికి తయారుచేసే చదువులు, జీతం తెచ్చే విద్యకి ఇక్కడ ఎప్పుడూ చోటుంది. నేను అడుగుతున్నది జీతంతో పనిలేని చదువు గురించి. ఇంకొందరు, నాలుగు గంటల్లో వంటేం వస్తుంది, అదంతా పర్యాటకుల తమాషా అంటారు. ఆ మాట ఇంకెవరైనా అనొచ్చు గానీ, నలభై అయిదు రోజుల్లో మనిషిని సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని చేసే వీధి అనకూడదు. పొట్టి కోర్సు పండితుణ్ణి చెయ్యదు, తలుపు తెరుస్తుంది. అమీర్‌పేట బతికిందే ఆ నమ్మకం మీద.

అసలు మనకి వంట క్లాసు లేకపోలేదు. అది తిరగబడి ఉంది. పంజాగుట్ట చుట్టూ విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, 2008 నుంచి 2023 దాకా పక్కనే బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు. వీసా స్టాంపు పడ్డాక మిగిలిన పది రోజుల్లో ఆ కుర్రాడికి ఇంట్లో పప్పు తాలింపు నేర్పుతారు, సూట్‌కేసులో కుక్కరూ ఆవకాయా సర్దుతారు. మిగతా పాఠం అట్లాంటిక్ అవతలి నుంచి ఫోన్లో. సంజయ్ తుమ్మ ‘వహ్‌రెవహ్’ పేరుతో 2007 నుంచి వీడియోల్లో వంట చెబితే అంతమంది పట్టుకున్నదీ, గుంటూరు జిల్లా పల్లెలో పొయ్యి ముందు కూర్చుని వండిన మస్తానమ్మని నూరేళ్ళు దాటిన వయసులో ప్రపంచమంతా చూసిందీ ఇలా దూరమైపోయినవాళ్ళ చూపుల వల్ల కూడా. చియాంగ్‌మాయ్‌లో పరాయివాడు వచ్చి ఊరి వంట నేర్చుకుంటాడు. మన పిల్లవాడు పరాయి ఊరికి వెళ్ళి సొంత వంట నేర్చుకుంటాడు. వీధి మొత్తం పంపించడానికే కట్టుకున్నప్పుడు, వచ్చినవాడికి పీట వెయ్యడం ఎవరికి తడుతుంది?

తడితే పెద్ద పనేం కాదు. బ్యాచ్ కట్టడం తెలిసిన వీధి, రోజూ వందల పొట్లాలకి సరిపడా వండే చేతులు, దగ్గర్లోనే ఎర్రగడ్డ రైతుబజారు, రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్ అన్నీ ఉన్నాయి. నగరం చూపించే పర్యాటక శాఖ గోల్కొండ, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియంతో పాటు ఒక రోలూ ఒక పూటా చేరిస్తే చాలు. ఈలోగా కాలం కదిలింది. 2023 మార్చిలో అమెరికా కాన్సులేటు పైగా ప్యాలెస్ ఖాళీ చేసి నానక్‌రామ్‌గూడకి వెళ్ళింది. అదే ఏడాది నవంబరులో థాయిలాండ్ మనవాళ్ళకి వీసా ఎత్తేసింది. ఇప్పుడు హైదరాబాదీలు కూడా చియాంగ్‌మాయ్ వెళ్ళి, డబ్బు కట్టి, రోట్లో మిరపకాయలు నూరి వస్తున్నారు.