బాతుల వ్యాధినిదానము : శాస్త్రము నడచిన త్రోవ

కృష్ణా గోదావరీ డెల్టాలలోను, కొల్లేటి పరిసర గ్రామములలోను, నెల్లూరు మాగాణి భూములలోను వరికోతలు ముగిసిన పిదప చేలలో బాతుల మందలు మేయుచుండుట చిరపరిచితమైన దృశ్యము. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటికి ఆహారము. పెద్దమందలను చేనినుండి చేనికి తోలుకొనిపోవు వారు కొందరు కాగా, ఇంటి పెరటిలో నాలుగైదు బాతులను పెంచి, గ్రుడ్ల వలన వచ్చు నాలుగు రూకలతో ఉప్పుపప్పులు సమకూర్చుకొను గృహస్థులు పెక్కురు కలరు. పెద్దమందలో పది బాతులు పోయిన అది నష్టము. పెరటిలోని నాలుగు బాతులును పోయినచో అది ఆ యింటి జీవనమునకే దెబ్బ.

కోడికంటె బాతు గట్టిదని పెంపకము చేయువారు చెప్పుదురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కొక్కెర తెగులు సోకి ఊరిలోని కోళ్లు వరుసగా నశించు సమయమున సైతము బాతులు పెక్కుసారులు నిలిచియుండును. కాని ఈ గట్టితనమే యొక చిక్కును తెచ్చిపెట్టుచున్నది. బాతు తన జబ్బును తుదివరకు మరుగుపరచును. ఉదయము మందతోపాటు నీట దిగిన పక్షి సాయంకాలమునకు ఒడ్డున పడియుండును. అప్పుడు గాని యజమాని కన్ను దానిపై పడదు. అందువలన బాతుల విషయమున చికిత్సకంటె నిదానమే కష్టతరమైనది. ఆయుర్వేదమున నిదానశబ్దము రోగకారణమును, రోగనిర్ణయమును గూడ తెలుపును. ఈ రెండును బాతుల విషయమున ఎట్లు తెలియవచ్చినవో, ఆ త్రోవలో పండితులు సైతము ఎచ్చట తప్పటడుగు వేసిరో తెలిసికొనుట పెరటి పెంపకమునకు మిక్కిలి ఉపయోగకరము.

19వ శతాబ్దివరకు పెంపుడు పక్షులు మూకుమ్మడిగ చచ్చినప్పుడు దానికి తెగులు అను ఒక్క పేరే ఉండెను. గాలి చెడినదనియో, దృష్టి తగిలినదనియో సరిపెట్టుకొనుచుండిరి. ఈ స్థితిని మార్చిన తొలి పరిశోధనలలో కోళ్ల కలరాకు సంబంధించినది ముఖ్యమైనది. పేరున కలరా యున్నను మనుష్యులకు వచ్చు కలరాతో దీనికెట్టి సంబంధమును లేదు. ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ ఈ వ్యాధిక్రిమిని ప్రయోగశాలలో పెంచుచుండగా, చాలకాలము నిలువయున్న క్రిములు తమ విషశక్తిని కోల్పోవుటను గమనించెను. అట్టి క్రిములను ఎక్కించిన పక్షులు చావకపోవుటయే గాక, పిదప బలమైన క్రిమిని ఎక్కించినను తట్టుకొనగలిగినవి. 1880లో ఆయన ఈ విషయమును లోకమునకు వెల్లడించెను. ప్రయోగశాలలో బలహీనపరచిన క్రిమితో టీకా వేయుటకు ఇదియే నాంది. కుక్కకాటుకు పాశ్చర్ కనిపెట్టిన టీకాను ఎరుగని వారుండరు. దానికి ముందుమెట్టు పెరటిపక్షి జబ్బేయని ఎరిగినవారు కొలదిమంది.

ఈ కలరా బాతులను కూడ తీవ్రముగ బాధించును. నోటినుండి జిగురు కారుట, ఆకుపచ్చని విరేచనము, ఒక్కొక్కప్పుడు ఏ లక్షణమును లేకయే హఠాన్మరణము దీని గుర్తులు. రోగపక్షి ముక్కునుండియు నోటినుండియు కారు స్రావము త్రాగునీటిలో కలియుట వలన ఇది ప్రాకును. ఇది బాక్టీరియా వలన కలుగు వ్యాధి గనుక, తొలిదశలో పశువైద్యుడు తగిన మందు నిర్ణయించి యిచ్చినచో కొన్ని పక్షులనైనను దక్కించుకొనవచ్చును.

అయితే బాతులకు వచ్చు మరొక మహామారి, చూపునకు కలరావలెనే కనబడినను, ఏ మందునకును లొంగనిది. అది 1923లో హాలండు దేశమున బయటపడెను. అచ్చటి పెంపుడు బాతులు రక్తస్రావముతో మరణింపగా, పరీక్షించిన బోదే అను పండితుడు దానిని కోళ్లకు వచ్చు ప్లేగు వ్యాధిగ, బాతులకు అలవాటుపడిన రూపముగ భావించెను. రోగమును కలిగించునది బాక్టీరియా కాదని ఆయన సరిగనే గ్రహించెను. కాని రోగము పేరును పొరపడెను. సుమారు ఇరువదియేండ్ల పిమ్మట, 1942లో, బోస్ అను మరొక హాలండు పండితుడు ఈ విషయమును తిరిగి పరిశోధించెను. రోగపదార్థమును కోళ్లకు, పావురములకు ఎక్కించి చూడగా అవి చలింపలేదు. బాతులు మాత్రమే మరణించినవి. కోళ్ల ప్లేగు అయినచో కోళ్లు బ్రతుకుట ఎట్లు? ఈ చిన్న ప్రశ్నయే పాత నిర్ణయమును పడగొట్టెను. ఇది బాతులకు, పెద్దబాతులకు, హంసలకు మాత్రమే సోకు ప్రత్యేకవ్యాధి యని తేలెను. 1949లో లండనున జరిగిన అంతర్జాతీయ పశువైద్య మహాసభలో యాన్సెన్, కున్‌స్ట్ అను వారు దీనికి బాతుప్లేగు అను పేరును ప్రతిపాదించిరి.

ఈ వ్యాధి భారతదేశమున 1963లో పశ్చిమబెంగాలునందు గుర్తింపబడెను. 1967లో అమెరికాలోని న్యూయార్కు సమీపముననున్న లాంగ్ ఐలండునందు, 1873లో చైనానుండి చేరిన తెల్లని పెకిన్ బాతుల సంతతిపై ఇది విరుచుకుపడెను. బాగుగ కండపట్టిన పెద్దబాతులే ముందుగ చచ్చుట, రోగపక్షి వెలుతురును చూడజాలక కన్నులు సగము మూసికొనుట, రెప్పలు అంటుకొనుట, విపరీతమైన దప్పిక, నడక తూలుట, నీళ్లవంటి లేక నెత్తురు కలిసిన విరేచనము, గ్రుడ్లు ఒక్కసారిగ తగ్గిపోవుట దీని లక్షణములు. మూడునుండి ఏడు దినములలోగా సోకిన రోగము బయటపడును. బ్రతికిన పక్షి రోగబీజమును చాలకాలము తనలో దాచుకొని తోటిపక్షులకు పంచగలదు. దీనికి చికిత్స లేదు. ముందుగ టీకా వేయించుటయే శరణ్యము.

రోగమనుకొన్నది రోగము కాక విషమైన కథ మరొకటి కలదు. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రమున, గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పుసరస్సు తీరమున, అడవిబాతులు అసంఖ్యాకముగ మరణించెను. ప్రభుత్వము పంపిన అలెగ్జాండర్ వెట్‌మోర్ అను పక్షిశాస్త్రజ్ఞుడు శ్రద్ధతో పరిశీలించి, ఎండకు ఇంకిన నీటిలోని క్షారలవణములే మృత్యుకారణమని 1915లో ప్రకటించెను. పడిపోయిన బాతులను తెచ్చి మంచినీరిచ్చి కాపాడగా వానిలో ననేకము కోలుకొనెను. ఇది ఆయన సిద్ధాంతమునకు సాక్ష్యముగ తోచెను. కాని 1930లో కాల్మ్‌బాక్ మొదలగువారి పరిశోధనలలో అసలు కారణము వెల్లడియయ్యెను. కుళ్లిన జీవపదార్థములలో, గాలి సోకనిచోట పెరుగు బొట్యులిజం క్రిమి పుట్టించు విషమే ఆ బాతులను చంపినది. చచ్చిన పక్షి దేహములో క్రిమి పెరుగును. ఆ దేహములో పుట్టిన ఈగపురుగులు విషమును పీల్చుకొనియు తాము చావవు. వానిని తిన్న బాతు చచ్చును. దాని దేహమున మరల పురుగులు పుట్టును. ఇట్లొక చచ్చిన బాతు పది బాతుల చావునకు మూలమగును.

ఈ వృత్తాంతమున గమనింపదగినది యొకటి కలదు. వెట్‌మోర్ చేసిన ఉపచారము మంచిదే. ఆయన నిర్ణయము మాత్రము తప్పు. మంచినీరు విషమును తోడివేయుటకు సాయపడుటచే బాతులు కోలుకొన్నవే గాని, క్షారము కారణమగుటచే కాదు. మందు పనిచేసినంతమాత్రమున రోగము పేరు తెలిసినట్లు కాదు. తీరమున పడిన కళేబరములు ఏరివేయవలసిన అవసరము అసలు కారణము తెలిసిన తరువాతనే స్పష్టమయ్యెను. కాళ్లు, రెక్కలు, తుదకు మెడ వరుసగ పట్టుదప్పి వ్రేలాడుట ఈ విషమునకు గుర్తు. మెడ నిలుపలేని బాతు లోతులేని నీటిలో సైతము మునిగి చచ్చును.

పిల్లల జబ్బులు వేరు. 1949లో లాంగ్ ఐలండునందు మూడువారములు నిండని బాతుపిల్లలు గంటలలో చచ్చుచుండగా లెవిన్, ఫాబ్రికాంట్ అను పరిశోధకులు అది కాలేయమునకు సోకిన వైరస్ వ్యాధియని నిరూపించిరి. చచ్చిన పిల్ల తల వీపుపైకి విరుచుకొని యుండుట దీని ప్రసిద్ధలక్షణము. పెద్దబాతులకు ఈ వ్యాధి బాధ కలిగింపదు.

తెలుగునాట ప్రత్యేకముగ గుర్తుంచుకొనదగినది 1960లో ఇంగ్లండునందు జరిగిన సంఘటన. ఆ యేడు లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు తెలియని జబ్బుతో మరణించెను. బాతుపిల్లలును చచ్చెను. అంటువ్యాధి యని వెదకిన పరిశోధకులకు ఏ క్రిమియు దొరకలేదు. తుదకు మేతను విచారింపగా, బ్రెజిలునుండి వచ్చిన వేరుశెనగ పిండి దోషియని తేలెను. తేమ తగిలిన వేరుశెనగపై పెరుగు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను బూజు దానిలో విషమును పుట్టించినది. ఆ బూజు పేరునుండియే విషమునకు అఫ్లటాక్సిన్ అను పేరు వచ్చెను. ఈ విషమునకు బాతుపిల్ల ఎంతగా లొంగునన, ఒకనాటి పిల్లను చంపుటకు దాని బరువులో కిలోకు ఒక మిల్లీగ్రామైనను అక్కరలేదు. అందువలననే మేతలోని విషమును కనుగొనుటకు కొంతకాలము బాతుపిల్లలనే పరీక్షాసాధనముగ వాడిరి. ఎదుగుదల ఆగుట, కుంటుట, కాళ్లు ఊదారంగుకు తిరుగుట దీని చిహ్నములు. ఉడికించినను ఈ విషము పోదు. వేరుశెనగ పండించు రాయలసీమలోను, ఆ చెక్క మేతగా వాడు ఇతర జిల్లాలలోను బూజుపట్టిన చెక్కను పారవేయుటకు మనసొప్పక బాతులకు వేయుట ప్రమాదకరమని ఈ సంఘటన తెలుపుచున్నది.

కుంటు ప్రతి పిల్లయు విషము తిన్నది కాదు. బాతుపిల్లకు నియాసిన్ అను విటమిను కోడిపిల్లకంటె హెచ్చుగ కావలెను. కోడిపిల్ల మేతలో కిలోకు 35 మిల్లీగ్రాములు చాలునన్నచోట బాతుపిల్లకు 55 వరకు అవసరమని నిర్ణయింపబడినది. ఒట్టి నూకలు పెట్టి పెంచిన పిల్లల కాళ్లు వంకరపోవుటకు ఈ లోపము ముఖ్యకారణము. తవుడు, ఈస్టు చేర్చి మేతను సరిదిద్దినచో, ఆలస్యము కానిపక్షమున, నడక కుదుటపడును.

ఇటీవలి చరిత్రలో బర్డ్‌ఫ్లూ అన్నిటికంటె భయంకరమైనది. 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమున పెద్దబాతులలో కనబడిన వైరస్ సంతతి 1997లో హాంగ్‌కాంగున మనుష్యులకు సోకి ప్రాణములు తీసెను. 2014 నవంబరులో కేరళలోని కుట్టనాటి బాతుల మందలు దీనివలన నాశనమయ్యెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లఫారములు దీని పాలయ్యెను. కొన్ని సమయములలో బాతు ఈ వైరస్‌ను పైకి జబ్బులేకయే మోయుచు కోళ్లకు అందించగలదు. అనుమానిత నమూనాలను భోపాలునందలి జాతీయ ప్రయోగశాలలో పరీక్షించి నిర్ధారింతురు. ఇట్టి వ్యాధి అనుమానము కలిగినచో అధికారులకు తెలుపుట 2009 నాటి పశువ్యాధుల నిరోధక చట్టమువలన యజమాని విధియైనది.

ఈ చరిత్రనుండి పెరటికి దిగివచ్చు ఆచారములు కొన్ని కలవు. బాతు నలతగ కనబడగానే దానిని మందనుండి వేరుచేసి, నీడగల పొడిచోట నుంచి, ముక్కు కన్నులు కడుగుకొనుటకు చాలినంత లోతుగల పాత్రలో మంచినీరుంచవలెను. తల నిలుపలేని పక్షికి మాత్రము లోతునీరు పెట్టరాదు. రోగపక్షులను ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనక ఆరోగ్యముగల పక్షుల జోలికి పోరాదు. అనేకపక్షులు ఒక్కసారిగ చచ్చినపుడు వట్టిచేతులతో వానిని తాకరాదు, కోయరాదు, తినరాదు, పశువైద్యునికి కబురంపవలెను. వైద్యుడు చూచిన పిదప కళేబరమును సున్నము చల్లి లోతుగ పాతవలెను. కాలువలోనో చెరువులోనో విసరివేసిన కళేబరము దిగువ ఊరి బాతులకు మృత్యువగును. దుకాణమున దొరికిన మందును ప్రతి జబ్బునకును త్రాగించుట వృథా. వైరస్ వ్యాధులపై అవి పనిచేయవు.

వీటన్నిటికంటె కఠినమైన పరీక్ష మరొకటి. రెండు బాతులు చావగానే మిగిలినవానిని సంతకు తోలి, వచ్చినంత సొమ్ము చేసికొనవలెనను ఆశ పేదగృహస్థునకు కలుగుట సహజము. ఆ సొమ్ము అతనికి నిజముగనే అవసరము. కాని సంతలో ఆ పక్షులను కొనునది మరొక పేదగృహస్థే. రోగము ఊరినుండి ఊరికి పోవు బాట ఎక్కువగా ఇదియే. గ్రామమంతయు కలసి ముందుగ టీకాలు వేయించుకొనుటయే ఈ ధర్మసంకటము నుండి తప్పించుకొను మార్గము.

పశువైద్యుడు వచ్చునప్పటికి అతడు అడుగు ప్రశ్నలు కొన్నియే: చచ్చినవి పిల్లలా, పెద్దవా? కోళ్లు కూడ చచ్చినవా, బాతులు మాత్రమేనా? మేత ఎన్నడు మారినది? ఏ నీటిలో దిగినవి? మెడ వ్రేలాడెనా, వెనుకకు విరుచుకొనెనా? 1942లో బోస్ పండితుని సరియైన త్రోవకు తెచ్చినది కోడి చావకుండుట అను ఒక్క వివరమే. 1960లో దారి చూపినది మేతసంచి. అట్టి వివరములను మొట్టమొదట చూడగలిగినది ప్రయోగశాల కాదు. ప్రతిదినము వేకువను గూటితలుపు తీసి బాతులను లెక్కపెట్టు ఇల్లాలు. ఆమె చూచినదానిని తేదీతో ఒక కాగితముపై వ్రాసియుంచినచో, వైద్యుని పని సగము తీరినట్లే.