చెన్నపట్టణపు బడి భవనాలు - నీరు, వెలుగు

చెన్నపట్టణం పుట్టుకతో తెలుగువారికి సంబంధం ఉన్నది. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడి భూమిని ఇచ్చినవారు దామెర్ల నాయకులు. అయితే ఏడాది పొడవునా మంచినీరు పారే నది ఈ నగరానికి లేదు. 1772లో ఏడు బావులు తవ్వించి కోటకు నీరందించారు. రెడ్‌హిల్స్ చెరువు నుండి నగరానికి నీటి సరఫరా 1872లో మొదలైంది. 1983 ఒప్పందం మేరకు చేపట్టిన తెలుగుగంగ ద్వారా కృష్ణా జలాలు 1996లో తమిళనాడు సరిహద్దు చేరాయి. నీటి విలువ ఈ నగరానికి కొత్తగా తెలిసినది కాదు.

వెనుకటి తరం పాఠశాల భవనాలు వాతావరణాన్ని గమనించి కట్టినవి. ఎత్తయిన కప్పులు, ఎదురెదురు కిటికీలు, ఎండను ఆపే వసారాలు, ఆవరణలో ఒక బావి - ఇవే నాటి వసతులు. టేకు దూలాలపై సున్నంతో ఇటుకలను నిలువుగా పేర్చిన మద్రాసు టెర్రస్ గదిని చల్లగా ఉంచేది. కాలక్రమాన పలుచని కాంక్రీటు కప్పులు, తక్కువ ఎత్తు గదులు వచ్చాయి. పగలే దీపం, ఎప్పుడూ పంకా అవసరమయ్యాయి. బోరుబావి రాగానే చేదబావి మూలబడింది.

2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి భవనానికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. తరువాతి ఏళ్లలో చెన్నైలో పలుచోట్ల భూగర్భ జలమట్టం పెరిగింది; 2005 నాటి భారీ వర్షాలు కూడా తోడ్పడ్డాయి. కాని ఇంకుడు గుంతలు కట్టడంతో పని ముగియదు. పూడిక తీయని గుంత పేరుకే గుంత. 2019 వేసవిలో నగరానికి నీరిచ్చే నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోగా, జోలార్‌పేట నుండి రైళ్లలో నీరు తెప్పించవలసి వచ్చింది.

నీరు లేని బడిలో మొదట మూతపడేవి మరుగుదొడ్లు. ఆ బాధ ఆడపిల్లలకు ఎక్కువ. 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం రక్షిత మంచినీటినీ, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లనూ పాఠశాలకు ఉండవలసిన వసతులుగా పేర్కొన్నది. కనుక నీటి పొదుపు ఖర్చు లెక్క మాత్రమే కాదు. అది పిల్లల చదువుకు సంబంధించిన విషయం.

లెక్క కూడా చూడదగినదే. చెన్నైలో ఏటా సగటున 1,300 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. 100 చదరపు మీటర్ల డాబాపై పడిన వానలో నూటికి 80 వంతులు పట్టినా లక్ష లీటర్లు దాటుతుంది. పది నిమిషాలకు ఒక లీటరు చొప్పున కారే కుళాయి రోజుకు 144 లీటర్లు పాడుచేస్తుంది. ఒక వాషరు మారిస్తే ఆ నష్టం ఆగుతుంది.

విద్యుత్తు విషయమూ అంతే. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. 2006లో పరికరాలకు నక్షత్రాల గుర్తింపు మొదలైంది. పాత పంకా సుమారు 75 వాట్లు తీసుకుంటే, కొత్త రకం పంకాకు 30 వాట్లు చాలు. నాలుగు పంకాలున్న తరగతి గదిలో రోజుకు 6 గంటల చొప్పున 200 రోజులకు 216 యూనిట్లు మిగులుతాయి. పాత ట్యూబులైట్ల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు అమర్చితే మరికొంత ఆదా. డాబాకు తెల్లసున్నం వేయడం, మూసుకుపోయిన కిటికీలు తెరవడం అన్నింటికంటె చవకైన మార్గాలు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఈశాన్య ఋతుపవనాలు రాకముందే డాబా, గొట్టాలు, గుంతలు శుభ్రం చేయించాలి. నెలనెలా మీటరు అంకెలను విద్యార్థులే నమోదు చేస్తే అది గణితమూ అవుతుంది, విజ్ఞానశాస్త్రమూ అవుతుంది. ఉత్సవ సందర్భంలో విరాళమిచ్చే పూర్వ విద్యార్థులు కొత్త గదితోపాటు పాత బావి బాగుచేతను కూడా తలచుకొంటే, శతజయంతి నాటి పిల్లలకు నీటి కరవు తెలియదు.