కాంక్రీటులో కనిపించని ఇనుము: తనిఖీకి ఒక చరిత్ర

మీ వీధిలో స్లాబు వేసే ముందు ఇంజనీరు సెంట్రింగు మీదికెక్కి, టేపుతో రాడ్ల మధ్య దూరం కొలవడం మీరు చూసే ఉంటారు. ఈ అలవాటు ఎలా ఏర్పడింది? ఈ భాగంలో దానిని పరిశీలిద్దాం.

1867లో జోసెఫ్ మోనియే అనే ఫ్రెంచి తోటమాలి ఇనుప తీగల వలపై సిమెంటు పూసి చేసే తోట తొట్లకు పేటెంటు పొందాడు. అతని దృష్టిలో ఇనుము ప్రధానంగా ఆకారాన్ని నిలిపేది. 1886లో జర్మన్ ఇంజనీరు మథియాస్ కోనెన్ దీనికి లెక్క కట్టాడు. కాంక్రీటు నొక్కుడును తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. కాబట్టి లాగుడు పడే వైపునే ఇనుము ఉండాలి. రెండు గోడల మధ్య స్లాబులో అది అడుగున. గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే సన్‌షేడ్‌లో పైన. అప్పటి నుంచి రాడ్లు ఎన్ని అన్నదే కాక, ఎక్కడ ఉన్నాయన్నదీ ముఖ్యమైంది.

1892లో ఫ్రాన్సువా ఎన్నెబిక్ తన పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. లైసెన్సు పొందిన కాంట్రాక్టర్ల ద్వారా అది యూరపు అంతటా వ్యాపించింది. కాని నాణ్యతకు హామీ చాలావరకు కట్టేవారి మాటే. 1901లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో నిర్మాణంలో ఉన్న ఒక హోటలు కూలి, ప్రాణనష్టం జరిగింది. ఆ దేశంలో 1903లో తాత్కాలిక నిబంధనలు వచ్చాయి. 1904లో ప్రష్యా, 1906లో ఫ్రాన్సు కూడా నిబంధనలు చేశాయి. నమ్మకం స్థానంలో నియమం వచ్చింది.

మన దేశంలో ఐ.ఎస్. 456 ప్రమాణం 1953లో మొదట వెలువడింది. 2000 నాటి సవరణ ప్రకారం రాడ్డు చుట్టూ ఉండవలసిన కాంక్రీటు మందం, అంటే కవర్, సాధారణంగా స్తంభాలకు కనీసం 40 మి.మీ., పునాదులకు 50 మి.మీ. ఇది తగ్గితే తేమ చేరి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కవర్ బ్లాకులు పెట్టేది ఇందుకే.

ఇటుక గోడ వంకరను రేపైనా చూడవచ్చు. కాంక్రీటు పోశాక రాడ్డును మామూలు కంటితో చూడలేం. సన్‌షేడ్ పై రాడ్లను కూలీల కాళ్లు కిందికి తొక్కేసినా పైకి తెలియదు. అందుకే ప్రభుత్వ పనులలో కప్పిపోయే పనిని కప్పకముందే కొలిచి, కొలతల పుస్తకంలో రాయాలని నియమం. చరిత్ర విద్యార్థులుగా మీరు దీనిని గుర్తుంచుకోండి: ఆ పుస్తకంలోని ఒక్క పంక్తి, కనిపించని ఇనుముకు మిగిలే సాక్ష్యం. చూడకుండా రాస్తే అది అబద్ధపు సాక్ష్యమవుతుంది. దాని కింద మనుషులు నివసిస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కోనెన్ ఆలోచన తనిఖీ అవసరాన్ని ఎలా పెంచింది?