గిరిమిటు ఓడలలో ముస్లిములు : నేటాల్ ప్రయాణ చరిత్రలో ఒక విస్మృత ఘట్టం

హిజ్రత్ అనగానే మన మనస్సు మక్కా నుండి మదీనాకు సాగిన ప్రయాణం మీదికి పోతుంది. కాని దానికంటె ముందే ఒక హిజ్రత్ జరిగినది. దైవప్రవక్త (స) అనుమతితో కొందరు సహాబీలు ఎర్రసముద్రం దాటి హబషా దేశానికి, అంటే ఆఫ్రికా ఖండానికి, వలస పోయారు. అక్కడి రాజు నజాషీ ఎదుట తమ పక్షాన మాట్లాడటానికి వారికి హజ్రత్ జాఫర్ (రజి) వంటి వక్త ఉన్నారు. పన్నెండు శతాబ్దాల తరువాత మన మద్రాసు రేవు నుండి అదే ఖండానికి బయలుదేరిన పేద ముస్లిములకు అట్టి వక్త ఎవరూ లేరు. వారిది ధర్మరక్షణకై చేసిన హిజ్రత్ కాదు, పొట్టకూటి కోసం చేసిన వలస. అందువల్లనే కాబోలు, మన ఇస్లామీయ చరిత్ర గ్రంథాలలో వారికి చోటు దక్కలేదు.

'ట్రూరో' అనే ఓడ 1860 అక్టోబరులో మద్రాసు విడిచి, నవంబరు 16వ తేదీన డర్బన్ రేవు చేరినది. అందులో 342 మంది ఉన్నారు. హిజ్రీ శకం ప్రకారం అది 1277. నేటాల్‌లోని తెల్లదొరలకు చెరకుతోటలలో పనిచేసే మనుషులు కావలసి వచ్చారు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం 1834లో రద్దయినది గనుక ఒప్పందపు కూలీ అనే కొత్త పద్ధతి అమలులోకి వచ్చినది. అగ్రిమెంటు అనే మాట కూలీల నోట గిరిమిటుగా మారినది. మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగుల జీతం, తరువాత ఏడాదికొక షిల్లింగు పెంపు, తిండి, వసతి. కాగితం మీద షరతులు ఇవి. 1911లో ఈ పద్ధతి ఆగిపోయేనాటికి నేటాల్ చేరినవారు 1,52,184 మంది. వారిలో మూడింట రెండువంతులు మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. మొత్తంమీద ముస్లిములు నూటికి ఏడు నుండి పదిమంది వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా.

తెలుగువారిలో విశాఖ, ఉత్తర ఆర్కాటు జిల్లాలవారు హెచ్చు; గుంటూరు సీమవారు తక్కువ. అయినా ఆ ప్రయాణం ఎట్టిదో తెలియడానికి పెదకాకాని వంటి మన ఊరి నుండి ఒక దూదేకుల యువకుడు బయలుదేరాడనుకుందాం. 1833 నాటి డొక్కల కరువు ఈ సీమను సగం ఖాళీ చేసినంత పని చేసినది. దాని కథలు అతడు పెద్దల నోట విని ఉంటాడు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీరు వచ్చినా, నల్లరేగడి మెట్టపొలాలు వానదేవుని దయమీదనే మిగిలినవి. మద్రాసు సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరం. 1860లో రైలు లేదు. కాలినడకనో, బండిమీదనో పోవాలి. మద్రాసు చేరిన తరువాత డిపోలో రోజుల తరబడి నిరీక్షణ, వైద్యపరీక్ష, అధికారి ఎదుట ఒప్పుకోలు. ఆపైన ఐదు వారాల సముద్రం. సముద్రం దాటితే కులం పోతుందనే భయం హిందూ సోదరులను బాధించినది. హజ్ యాత్ర వినియున్న ముస్లిముకు ఆ భయం లేదు. అతని చింత వేరు. ఓడలో వజూకు మంచినీరు ఎక్కడిది? ఊగే తట్టుమీద ఖిబ్లా ఏ దిక్కు? పదిమందిలో ఒకడైనా ముస్లిము లేనిచోట జమాఅత్ ఎట్లా?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే ఆలిము ఆ కూలీల నడుమ ఉన్నాడా అంటే, ఫిఖ్‌హ్ గ్రంథాలు చదివిన మనం తొందరపడి తీర్పు చెప్పరాదు. డర్బన్‌లో గుజరాతీ వర్తకులు అబూబకర్ ఆమద్ ఝవేరీ, హాజీ ముహమ్మద్ దాదా మసీదు కోసం స్థలం కొన్నది 1881లో. అదే తరువాత గ్రే స్ట్రీట్ జుమా మసీదుగా ప్రసిద్ధి చెందినది. అంటే మొదటి ఓడ చేరిన తరువాత ఇరవై ఏళ్ళపాటు కూలీలు అటువంటి జుమా మసీదు లేకుండానే తమ దీన్‌ను నిలుపుకున్నారు. దక్షిణాఫ్రికాలో ఇస్లాం చరిత్ర వ్రాసేవారు తరచు వర్తకులతో మొదలుపెడతారు. వర్తకుల సేవ గొప్పది, కాదనము. కాని వారు తమ ఖర్చుతో టిక్కెట్టు కొని వచ్చినవారు. కూలీలు తమ ఐదేళ్ళ శరీరాన్ని తాకట్టుపెట్టి వచ్చినవారు. ముందు వచ్చినది కూలీలే.

ఆ తోటల బ్రతుకు ఎట్లున్నదో ప్రభుత్వానికి తెలిసినది 1871లో. ఒప్పందం ముగిసి తిరిగివచ్చిన మొదటి జట్టు మద్రాసులో దిగి కొరడా దెబ్బల గురించి, ఎగవేసిన జీతాల గురించి మొరపెట్టుకున్నది. 1866 నుండి ఆగియున్న వలస, 1872 నాటి విచారణ సంఘం తరువాతనే, 1874లో మళ్ళీ మొదలైనది. 1895 చట్టం ప్రకారం ఒప్పందం ముగిసి అక్కడే నిలిచిన కూలీపై ఏడాదికి మూడు పౌనుల పన్ను పడినది. 1913 సమ్మె తరువాత 1914లో గాని అది రద్దు కాలేదు. ఆ 1913లోనే మరొక దెబ్బ తగిలినది. కేప్ న్యాయస్థానంలో జస్టిస్ సెర్ల్ ఇచ్చిన తీర్పు వల్ల క్రైస్తవ పద్ధతిన జరగని వివాహాలు, మన నికాహ్‌తో సహా, చెల్లని ప్రమాదం ఏర్పడినది.

తోటల కూలీల మతజీవనంలో మొహర్రం ప్రధానమైనది. డర్బన్ వీధులలో తాజియాలు ఊరేగేవి, ఉమ్‌గేనీ నదిలో కలిపేవారు, హిందువులూ పాల్గొనేవారు. మన పల్లెలలో పీర్ల చావిడి ఎరిగిన పాఠకునికి ఇది వింత కాదు. దీనిపై ఉలమా అభ్యంతరం సమంజసమే. నా అభిప్రాయమూ అదే. కాని మసీదు లేని తోటలో, సెలవు దొరికిన ఆ రోజులలో, 'యా హుసేన్' అనే కేక తప్ప ముస్లిమునని చాటుకోవడానికి మరొక సాధనం ఆ కూలీకి లేకపోయినదని చరిత్రకారుడు వ్రాయక తప్పదు.

ట్రూరో ఓడలోనే వచ్చినట్లు చెప్పబడే షేక్ అహ్మద్ అనే కూలీ ఉన్నారు. ఆయన దైవధ్యానంలో ఉండగా పార తనంతట తానే పని చేసేదని కథ. కథ సంగతి ఎట్లున్నా, మతిస్థిమితం లేనివాడని ఆయనను పని నుండి విడుదల చేసినట్లు చెబుతారు. తోట యజమానికి పిచ్చిగా తోచినది తోటికూలీలకు విలాయత్‌గా తోచినది. ఆయన డర్బన్‌లో కూలీల నడుమ బోధిస్తూ 1894లో పరమపదించారు. ప్రజలు బాద్షా పీర్ అన్నారు. మరుసటి ఏడు, హైదరాబాదు వాస్తవ్యులైన ఖ్వాజా హబీబ్ అలీషా శిష్యులు సూఫీ సాహెబ్ అక్కడికి వచ్చి ఆ సమాధిని గుర్తించి దర్గా నిర్మించారు. మసీదులు, మదర్సాలు నెలకొల్పి, కూలీల పిల్లలకు ఖుర్ఆన్ నేర్పించారు. 1911లో మరణించారు. పెదకాకాని బాజీబాబా దర్గాకు అన్ని మతాలవారు వచ్చినట్లే బాద్షా పీర్ దర్గాకూ వస్తారు.

మదర్సాలలో ఉర్దూ నేర్చిన ఆ కూలీల సంతతిని డర్బన్‌లో 'హైదరాబాదీలు' అంటారు. వర్తకుల సంతతి సూరతీలు, మేమన్లు. నిజాము రాజ్యం చూడనైనా చూడని ఆర్కాటు, విశాఖ ముస్లిముల బిడ్డలకు హైదరాబాదు పేరు అంటుకున్నది; తెలుగు ఊరి పేరు, తెలుగు మాట రెండూ జారిపోయినవి. నేడు వారిలో కొందరు తాతముత్తాతల ఊరు వెదుకుతున్నారు. ఓడల రిజిష్టర్లలో పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామం ఉన్నవి. సురేంద్ర భానా వంటి పరిశోధకులు వాటిని శ్రమపడి అధ్యయనం చేశారు. ఐతే చిక్కులున్నవి. 1859 నుండి 1904 వరకు గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు, కృష్ణా జిల్లాలో భాగం; వెదికేవారు కృష్ణా క్రింద వెదకాలి. గుమాస్తా 'కాకాని' అని మాత్రమే వ్రాస్తే అది పెదకాకానియా, చినకాకానియా? రెండూ ఈ సీమలోనే ఉన్నవి.

ఇక్కడ మన సహాయం అవసరం. మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషను నియమించినది 1858లో. ఓడలు బయలుదేరిన ఆ సంవత్సరాలలోనే దాని అధికారులు ఇనాం భూములను విచారించి రిజిష్టర్లు తయారుచేశారు. మసీదు, దర్గా, పీర్ల సేవకు మాన్యం పొందిన ముల్లాలు, ముజావర్ల పేర్లు గ్రామాలవారీగా వాటిలో దొరుకుతాయి. వాటిని, ఖాజీల వద్ద మిగిలిన పాత నికాహ్ పుస్తకాలను, ఓడల రిజిష్టర్ల ప్రక్కన పెట్టి చదివే పని ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన యువకులే చేయగలరు.