గోదావరి మధ్యడెల్టా – జలనిర్వహణము

గౌతమీ వసిష్ఠా శాఖల నడుమ సముద్రమువరకు వ్యాపించిన భూభాగమునకు మధ్యడెల్టా యని పేరు. దాని శిరస్సున నున్నది ఆత్రేయపురము మండలము. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది, పిదప డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో చేరినది. లోకము దీనిని పూతరేకులవలన నెరుగును. శివారు రైతుమాత్రము బొబ్బర్లంక హెడ్‌స్లూయిస్‌వలనను, లొల్ల లాకులవలనను ఎరుగును. ఏలయన, బొబ్బర్లంకకడ బయలుదేరిన ప్రధానకాలువయే లొల్లకడ శాఖలుగా చీలి, సుమారు రెండు లక్షల యెకరముల ఆయకట్టును తడుపుచున్నది. 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన పూతరేకుల ఉత్పత్తిదారుల సంఘము సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకొనుట వింత కాదు. బియ్యము లేక రేకు లేదు, కాలువ లేక బియ్యము లేదు.

ఈ కాలువలకై ఇంజనీరు కాటన్ 1847లో ప్రారంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట, నదీగర్భములోని లంకలను ఆసరాగొని, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నిర్మితమైనది. దాని స్థానమున వెలసిన నేటి బ్యారేజి 175 గేట్లు కలది. ఈ కట్టడము పని నీటిమట్టమును పెంచి కాలువలకు మళ్ళించుటవరకే. ఇందు నిలుచు నీరు 3 టీఎంసీలకు లోపే. ధవళేశ్వరమున మొదటి ప్రమాద హెచ్చరికకు కారణమగు 10 లక్షల క్యూసెక్కుల వరద ఈ కొలనును ఒక్క గంటలోపల నింపగలదు. దినమంతయు పారినచో 86 టీఎంసీలు కడలిపాలగును. ఇచ్చటి కొరత నీటిది కాదు, నిలుపు తావుది, వచ్చు వేళది.

ఆ వేళలే నేడు తారుమారగుచున్నవి. పెద్దవరద ఆగస్టులో వచ్చుననుట పెద్దల యనుభవము. 1953, 1986, 2006 సంవత్సరముల వరదలన్నియు ఆ నెలలోనివే, అందు 1986 నాటిది 35 లక్షల క్యూసెక్కులను దాటినది. 2022లో మాత్రము జూలై నడుమనే 25 లక్షలకు మించిన ప్రవాహము వచ్చి లంకలను ముంచినది. ఒక్క వరదను చూపి శీతోష్ణస్థితి మారినదనుట తొందరపాటగును. కాని వేడెక్కిన గాలి అధికముగా ఆవిరిని మోయుననుటయు, దక్షిణాసియా ఋతుపవనములు మున్ముందు మరింత వర్షము కురియుచు, ఏటికేడు మరింత చపలములగుననుటయు శాస్త్రజ్ఞులు చాలవరకు అంగీకరించిన విషయములు.

సార్వాకు, అనగా వానకాలపు పంటకు, ముంపు; దాళ్వాకు, అనగా రెండవపంటకు, ఎద్దడి. వానలు వెనుకబట్టిన పిదప నదిలో నీరు సన్నగిలినచో, సీలేరు విద్యుత్కేంద్రములనుండి వదలు నీటికొరకు డెల్టా ఎదురుచూచును. అదియు చాలనపుడు వంతులవారీ మొదలగును. లాకులకడ లస్కరు మర త్రిప్పి ఒక కాలువను బిగించి మరియొకదానిని వదలును. వంతు వచ్చిన రైతు అర్ధరాత్రి టార్చిలైటుతో బోదెగట్టున నడచిపోయి, ఎగువవాడు వేసిన అడ్డుకట్టను పారతో తెగగొట్టును. సాగునీటి సంఘములకు 1997 నాటి చట్టము అధికారమిచ్చినను, ఈ పార ముందు అది చిన్నబోవుట కలదు.

కాలువకున్న గౌరవము మురుగుకోడునకు లేదు. డెల్టా జలనిర్వహణములో సగము పని మురుగు తీయుటయే యైనను, కోళ్ళు గుర్రపుడెక్కతో నిండి, అడుగున పూడిక పేరి, మొగలలో ఇసుక మేటవేసి, సముద్రపు పోటు వేళ నీరు వెనుకకు తన్నుచుండగా, ఒక్కరాత్రి కురిసిన కుండపోత వారముదాక చేలలో నిలుచును. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంటవిరామము ప్రకటించుటకు గిట్టుబాటులేమితోపాటు ఈ ముంపును ఒక కారణమైనది. మార్టేరులో పుట్టిన స్వర్ణకు ముంపుతాళు గుణమును చేర్చి, 2009లో విడుదలచేసిన స్వర్ణ సబ్-1 వంగడము రెండువారములవరకు నీటమునిగినను తేరుకొనును. కోతకు వచ్చిన పైరు నీటిలో పడిపోయినచో మాత్రము ఈ గుణము గింజను మొలకెత్తకుండ కాపాడజాలదు.

పోలవరము ప్రాజెక్టు పూర్తియైనచో 194 టీఎంసీల జలాశయము దాళ్వాకు సీలేరుపై ఆధారమును తగ్గించును. కోళ్ళ పూడికను మాత్రము అది తీయజాలదు. అందులకు దాళ్వా కోతలకై కాలువలు కట్టివేసిన నాటినుండి జూన్‌లో మరల వదలువరకు దొరకు కొద్దివారములే గడువు.